పేరు, నంబరు మీరే రాయండి

సెలింగమ్మ పేరులోనే సెల్లుంది, సెల్లింగూ ఉంది. అందుకని కొబ్బరితోపుల మధ్య ఉన్న ఆ బాలుంగాయ్ పల్లెలో సెల్‌ఫోన్లకి లోడు అమ్మిన మొదటి కొట్టు ఆవిడదే అయిందంటే వింతేమీ లేదు. లోడంటే ఇసక లోడూ కాదు, ఇటికల లోడూ కాదు. మాట్లాడుకోడానికీ మెసేజీలు పంపుకోడానికీ ఫోనులో వేయించుకునే డబ్బు. అప్పటికింకా అందరివీ మీటలు నొక్కే ఫోన్లే. పల్లెలో తాగునీటి గొట్టం రావడానికి ముందే లోడు వచ్చింది. గొంతు ఎండినా ఫోను ఎండకూడదన్నది ఆ ఊరి సిద్ధాంతం.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. ఇంటి ముందుగదికి ఇనప జాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కిటికీ, దాని చుట్టూ తోరణాల్లా వేలాడే షాంపూ పొట్లాలూ కాఫీ పొట్లాలూ. ఎంత ఎండ కాసినా లోపల స్టూలు మీద కూర్చున్న సెలింగమ్మకి మాత్రం జాలీ వెనక జాలీగానే ఉండేది. ఎవరి కోడలు పుట్టింటికెళ్ళిందో, ఎవరి పంది ఈనిందో, ఎవరి అబ్బాయి పరీక్ష తప్పాడో అన్నీ ఆ జాలీలోంచే వడకట్టుకుని తాగేది.

మొదట్లో జనం కిటికీ దగ్గర నిలబడి నంబరు అరిచేవారు, ఆవిడ నొక్కేది. ఆవిడకి చత్వారం, వాళ్ళకి తొందర. ఒకసారి చేపల లీతో అరిచిన నంబరులో ఒక అంకె తేడా వచ్చి, వాడి యాభై పేసోల లోడు ఎక్కడో దూరాన మిందనావో దీవిలో ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ఫోనులో పడింది. ఆ మనిషి పుణ్యాత్ముడు, ‘దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి’ అని తిరుగు మెసేజీ పెట్టాడు. లీతో మాత్రం చల్లగా చూడలేదు. ఆ గొడవ తర్వాత సెలింగమ్మ రెండొందల పేజీల పుస్తకం ఒకటి కొని, కిటికీకి దారంతో కట్టి, పక్కనే కలం వేలాడదీసి, అట్టముక్క మీద రాసి పెట్టింది: ‘పేరు, నంబరు మీరే రాయండి. తప్పు రాస్తే తప్పు మీదే.’

నంబరు రాయనివాణ్ణి ఆవిడ నమ్మదు. ఆ పద్ధతి చూసి పక్క పల్లెల కొట్లవాళ్ళూ పుస్తకాలు కట్టారు. దాంతో సెలింగమ్మ ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

మే నెల, శనివారం, మధ్యాహ్నం రెండుంపావు. ఎండకి కుక్కలు కూడా మొరగడం వాయిదా వేసుకున్నాయి.

“కొంటామండీ!”

కిటికీలో టెట్చీ ముఖం. రెండిళ్ళ అవతల పిల్ల, పదిహేడేళ్ళది. సెలింగమ్మ కూతురు నోవెలిన్ కంటే రెండేళ్ళు పెద్దది, దానికి జడకి రిబ్బనెంతో అంత స్నేహితురాలు.

“కొనవే తల్లీ, ఎవరొద్దన్నారు?”

“ముప్పై లోడు, పిన్నీ.”

“రాయి.”

“రాయను.”

“ఏం, గోళ్ళరంగు ఆరలేదా?”

“నోటితో చెప్తాను, నువ్వు నొక్కు. ఆ పుస్తకంలో మాత్రం రాయను. నేను సిమ్ము మార్చిందే దానివల్ల.”

“పుస్తకం ఏం చేసిందే నిన్ను? కరిచిందా?”

టెట్చీ నవ్వలేదు. “మార్చిలో ఇందులో రాశానా? రెండో రోజు మెసేజీ. ‘హాయ్ టెట్చీ, నా పేరు ఆర్విన్, మనీలాలో నర్సింగు చదువుతున్నాను. నీ నంబరు నాకు కల్లో కనబడింది. టెక్స్ట్‌మేట్ అవుతావా?’ అని.”

అందులో తప్పేముందో సెలింగమ్మకి అర్థం కాలేదు. ముఖం చూడని మనిషితో మెసేజీల్లో స్నేహం కట్టడం ఆ రోజుల్లో ఇంటింటా ఉన్నదే. ఆవిడ చెల్లెలి తోటికోడలికి పెళ్ళయింది కూడా అలాగే. నెలల తరబడి మెసేజీలు నడిచాక ఒకరినొకరు మొదటిసారి చూసుకోడాన్ని ‘ఐబాల్’ అనేవాళ్ళు. కళ్ళు కలిస్తే పెళ్ళి, కలవకపోతే చెల్లి.

“కల్లో పదకొండంకెలు కనబడ్డాయా వాడికి! నాకు లాటరీ నంబరు ఒక్కంకె కనబడి చావదే!”

“నవ్వకు పిన్నీ. పుస్తకంలో నా పై గీత మీద రాసినావిడకీ, కింది గీత మీద రాసిన పిల్లకీ కూడా అదే రోజు అదే మెసేజీ. ముగ్గురి కల్లోకీ వరసలో వచ్చాడు. ఇందులో ఉన్న వరసలోనే.”

లోడు పంపడానికే విడిగా ఉంచుకున్న ఫోను మీద సెలింగమ్మ బొటనవేలు ఆగిపోయింది.

“మా నోవెలిన్‌కి అలాంటివేం రాలేదే. వస్తే నాకు చెప్పదూ?”

టెట్చీ కింద పడని పొట్లాన్ని వెతుకుతున్నట్టు నేలవైపు చూసింది. “నోవెలిన్ ఏదీ?”

“చర్చిలో. పూల ఊరేగింపు రిహార్సలు.”

“ఇవాళ రిహార్సలు లేదు పిన్నీ. టీచరుకి జ్వరం. నిన్ననే అందరికీ మెసేజీ పెట్టింది.”

స్టూలు చప్పుడు చేసింది. లేచి నిలబడింది తనే అన్న సంగతి సెలింగమ్మకి తర్వాత తెలిసింది.

“టెట్చీ, ముఖం పైకెత్తు. నీకేం తెలుసో చెప్పు.”

“చెప్తే నోవెలిన్ నాతో మాట్లాడదు.”

“చెప్పకపోతే నీతో ఎవరూ మాట్లాడకుండా చేస్తాను. చెప్పు!”

టెట్చీకి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు అంతా వచ్చింది. నోవెలిన్‌కి ఆర్విన్ రెండు నెలలుగా టెక్స్ట్‌మేట్. నేను సిమ్ము మార్చేశాను, నువ్వూ మార్చేయవే అంటే వినలేదు. ఇవాళ మూడింటికి టౌన్లో బస్టాండు దగ్గర ఐబాల్. ఆర్విన్‌కి కాలు బెణికిందట, అందుకని అతని మామయ్య బండి వేసుకుని వచ్చి, నోవెలిన్‌ని ఎక్కించుకుని ఆర్విన్ ఉన్న చోటికి తీసుకెళ్తాడట.

“ఉన్న చోటంటే ఏ చోటు?”

“అది నోవెలిన్‌కే తెలీదు పిన్నీ. ఒట్టు.”

గోడ గడియారం రెండూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. టౌను పదిహేను కిలోమీటర్లు.

సెలింగమ్మ తన ఫోను లాక్కుని కూతురికి కొట్టింది. మోగింది. మోగి మోగి తెగింది. మళ్ళీ కొట్టింది, ఈసారి రెండో మోతకే తెగింది. నొక్కేశారన్నమాట. అంటే ఫోను చేతిలోనే ఉంది, అంటే పిల్ల బాగానే ఉంది, అంటే పొగరు కూడా బాగానే ఉంది! బుద్ధి ఇంకా చెప్పులేసుకుంటూనే ఉంది, కోపం వీధి దాటేసింది. ఆవిడ టపటపా మెసేజీ నొక్కింది: ‘నాకంతా తెలిసిపోయింది. ఇంటికి రా, తోలు వలుస్తా.’

పంపేసింది. మూడోసారి ఫోను చేసింది.

స్విచాఫ్.

“పిన్నీ,” అంది టెట్చీ మెల్లిగా, “తోలు వలుస్తానంటే ఎవరైనా ఇంటికొస్తారా?”

సెలింగమ్మ కూతురికీ తనకీ మధ్య ఉన్న ఒకే ఒక్క దారాన్ని తన బొటనవేలితో తనే తెంపేసుకుంది. ఆ మెసేజీని వెనక్కి పిలవాలని చూస్తున్నట్టు ఒక్క క్షణం ఫోను వంక చూసింది.

“వాడి నంబరుందా నీ దగ్గర?”

ఉంది. టెట్చీ తన ఫోనులో ఆ నంబరుకి ‘ఎత్తొద్దు’ అని పేరు పెట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఆఖరి నాలుగంకెలు నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు. ఆ అంకెలు చెవిలో పడగానే సెలింగమ్మ బొటనవేలు తనంతట తనే కదిలింది. ఆవిడ కళ్ళకి చత్వారం గానీ వేలికి లేదు. ఈ వేలు ఈ నంబరు ఎన్నోసార్లు నొక్కింది.

లోడు ఫోనులో పంపిన లోడ్ల చిట్టా తెరిచింది. పద్దెనిమిదో తారీకు, మంగళవారం, పది దాటి పన్నెండు నిమిషాలు. పదకొండు, మంగళవారం, పదీ అయిదు. నాలుగు, మంగళవారం, పదీ ఇరవై. మంగళవారం పదింటికి ఆ కిటికీ ముందు నిలబడే మనిషి ఒక్కడే. కాఫీ పొట్లాలు వేసే డెల్ఫిన్.

పసుపు వ్యాను. నలభై అయిదేళ్ళుంటాయి. నవ్వితే బంగారప్పన్ను. ‘సెలింగక్కా, నీ కొట్టుకొస్తేనే నాకు పొద్దు పొడుస్తుంది’ అనేవాడు పది గంటలకి. ప్రతి మంగళవారం ముప్పై పేసోల లోడు వేయించుకునేవాడు. ‘మా మేనల్లుడికక్కా, మనీలాలో చదువుకుంటున్నాడు, పాపం తల్లి లేదు’ అంటే ఈవిడ అయ్యో అనేది. అంతటితో ఆగినా బాగుండేది. చత్వారంతో అంకెలు అలుక్కుపోయినప్పుడల్లా, ‘తమ్ముడూ, ఆ పుస్తకం పట్టుకుని కాస్త చదివి పెట్టు, నేను నొక్కుతాను’ అనేది. దారం విప్పి పుస్తకం వాడి చేతిలో పెట్టేది. వాడు ఓపిగ్గా చదివేవాడు. పేరూ నంబరూ, పేరూ నంబరూ. ‘ఈ అమ్మాయి దస్తూరీ ముద్దుగా ఉందక్కా, చిన్నపిల్లేనా?’ అనేవాడు. ‘మా నోవెలిన్ క్లాసే’ అనేది ఈవిడ. తీరికగా కాఫీ కూడా కలిపిచ్చింది. వాడి కాఫీయే, వాడికే.

నోవెలిన్ నంబరు పుస్తకం మొదటి పేజీలో ఉంది. ఎలా రాయాలో జనానికి తెలియడం కోసం నమూనాగా తనే పెద్దక్షరాల్లో రాసింది.

“పిన్నీ, కూర్చో. పడిపోతావు.”

“కూర్చుంటే టైము కూడా కూర్చుంటుందా?”

ఆవిడ తన ఫోనులో ‘అందరూ’ అన్న జాబితా తెరిచింది. నలభై మూడు నంబర్లు: చుట్టుపక్కల కొట్లవాళ్ళు, చుట్టాలు, చర్చి కమిటీ. ఏ వార్తయినా నొక్కితే నలభై మూడు చోట్ల ఒకేసారి మోగేది. మెసేజీ రాసింది: ‘కాఫీ డెల్ఫిన్ మా నోవెలిన్‌ని ఎత్తుకుపోతున్నాడు. దుర్మార్గుడు. కనబడితే కొట్టండి.’ వేలు పంపే మీట మీద పెట్టింది.

అక్కడ ఆగింది.

పరోపకారం కోసం ఆగలేదు. డెల్ఫిన్ కూడా ఆ నలభై మూడింట్లో ఒకడు. చుట్టుపక్కల కొట్లన్నిటికీ కాఫీ వాడిదే కదా! ఈ మెసేజీ అందరికంటే ముందు వాడి జేబులో మోగుతుంది. మోగిన నిమిషంలో వ్యాను ఏ సందులోకి తిరుగుతుందో ఎవరికి తెలుసు? అది తోచాక మిగతాదీ తోచింది. నోవెలిన్ పేరు సాయంత్రానికి మూడు ఊళ్ళు తిరుగుతుంది, రేపటికి కథవుతుంది, పెద్దదయి పెళ్ళయి పిల్లలు పుట్టినా ‘ఆ రోజు వ్యానెక్కిన పిల్ల’ అనే అంటారు. ఇలాంటి కథలకి ఎంత కాళ్ళుంటాయో సెలింగమ్మకంటే ఎవరికి తెలుసు? వాటికి ఇన్నాళ్ళూ చెప్పులు కుట్టింది తనే.

అక్షరం అక్షరం చెరిపేసింది.

బస్టాండు ఎదురుగా కొట్టు బెబాంగుది. ఫోను చేస్తే బిజీ. ఇంకోసారి, బిజీ. మెసేజీ రాసింది, ఈసారి బెబాంగ్ ఒక్కదానికే: ‘డెల్ఫిన్ వ్యాను నీ దగ్గరికొస్తుంది. మా నోవెలిన్ అందులో ఎక్కకూడదు. ఎక్కితే వ్యాను కదలకూడదు. వస్తున్నా. ఎవరికీ చెప్పకు.’ బెబాంగుకి రహస్యం దాచమని చెప్పడమంటే జల్లెడకి నీళ్ళు పట్టమనడమే, కానీ వేరే దారి లేదు.

“టెట్చీ, నువ్వు మన ఊరిపెద్ద, కప్తాను ఇంటికి పరిగెత్తు. నోటితో చెప్పు, ఆయనకొక్కడికే చెప్పు. టౌను పోలీసులకి ఫోను చెయ్యమను, బస్టాండని చెప్పు, పసుపు వ్యానని చెప్పు. దార్లో ఎవరడిగినా ఏమీ లేదను.”

“నోవెలిన్ నన్ను చంపేస్తుంది, పిన్నీ.”

“చంపడానికి అది ఇంటికి రావాలి. పరిగెత్తు!”

నోనోయ్ ట్రైసికిల్ మలుపులో చెట్టునీడన నిద్రపోతోంది, నోనోయ్‌తో సహా. మోటారుసైకిలుకి పక్కన తొట్టి కట్టిన బండి; తొట్టిలో ముగ్గురు పడతారు, సెలింగమ్మయితే ఒక్కతే.

“ఎక్కడికి, అక్కా?”

“బస్టాండు. ఇరవై నిమిషాల్లో.”

“ముప్పై అయిదవుతుందక్కా.”

“ఇరవై!”

ఆ గొంతు విని నోనోయ్ మారుమాటాడకుండా కిక్కు కొట్టాడు. వంతెన దాటగానే వాడి జేబులో ఫోను కూసింది. ఒక చెయ్యి వదిలి తీసి, చూపు దించి, నవ్వుకుంటూ జవాబు నొక్కడం మొదలుపెట్టాడు. ఎదురుగా కొబ్బరిపీచు లారీ. సెలింగమ్మ అరిచిన అరుపుకి లారీ, బండీ రెండూ పక్కకి తప్పుకున్నాయి. ఆవిడ వంగి వాడి చేతిలోంచి ఫోను లాగేసి ఒళ్ళో వేసుకుంది.

“మా ఆవిడక్కా!”

“మీ ఆవిడ విధవరాలవకుండా చూస్తున్నాను. నడుపు!”

రెండూ నలభై ఎనిమిది. ఒళ్ళో మూడు ఫోన్లు, మూడూ మాట్లాడవు. ఎర్రమట్టి గట్టుల మధ్య రోడ్డు మలుపులు తిరిగినచోట సిగ్నలుండదు. ఆవిడ మనసుకి మాత్రం అన్ని వైపులా సిగ్నలుంది, వద్దన్న బొమ్మలన్నీ అందుతున్నాయి. వ్యాను వెనక అట్టపెట్టెలు. పెట్టెల వెనక చోటు. పొద్దున్న నోవెలిన్ తన పౌడరు డబ్బా తీసుకుంది. తను చూసి, ఊరేగింపు పిల్ల కదా అనుకుని నవ్వింది.

గట్టు దాటగానే ఫోను మోగింది. బెబాంగ్.

‘వ్యానుంది. పిల్ల ముందు సీట్లో ఉంది. నీ మెసేజీ చూసేసరికే ఎక్కేసింది.’

ఇంకోటి.

‘నా కిటికీ దగ్గరే ఉన్నాడు. రెండు చల్లటివి కావాలన్నాడు. ఐసు కొడుతున్నా.’

“నోనోయ్, నీ బండికి రెక్కలుంటే ఇప్పుడు విప్పు!”

ఆ తర్వాత ఏమీ రాలేదు. రెండూ యాభై రెండు. యాభై నాలుగు. సెలింగమ్మ ‘ఇంకా ఉన్నాడా?’ అని నొక్కింది. జవాబు లేదు. బెబాంగ్ రెండు చేతులతో ఐసు కొడుతుంటే జవాబు ఎలా నొక్కుతుంది అని ఒక మనసు. ఐసు అయిపోయిందేమో అని ఇంకో మనసు. బస్టాండు రేకుల కప్పు కనబడింది, దానికి ఇవతల చేపల మార్కెట్టు జనం. నోనోయ్ హారను మీద చెయ్యి తియ్యలేదు.

పసుపు వ్యాను అక్కడే ఉంది. ఇంజను ఆడుతోంది. వ్యాను ముందు చక్రాలకి అడ్డంగా వేయించిన అరటిపళ్ళ తోపుడుబండి ఉంది, దాన్ని తోస్తున్నట్టూ తోయలేకపోతున్నట్టూ బెబాంగ్ మొగుడు తెగ ఆయాసపడుతున్నాడు. జాలీ వెనక బెబాంగ్, మామూలుగా రెండు నిమిషాల్లో రెండు పానీయాలు ప్లాస్టిక్ సంచుల్లో పోసి స్ట్రా గుచ్చి ఇచ్చే మనిషి, ఐసుగడ్డతో పాతకక్షలేవో తీర్చుకుంటోంది.

“చాలక్కా, ఐసు వద్దులే, అలాగే ఇచ్చెయ్యి,” అంటున్నాడు డెల్ఫిన్.

“అలాగే ఇస్తే నా కొట్టు పేరేం కావాలి తమ్ముడూ? ఆగు, ఈ సంచికి చిల్లుంది, ఇంకోటి తీస్తా.”

సెలింగమ్మ వాడివైపు వెళ్ళలేదు. తిన్నగా వ్యాను తలుపు దగ్గరికి వెళ్ళింది. అద్దంలోంచి నోవెలిన్ ముఖం, పౌడరు, పెదాలకి రంగు, ఒళ్ళో బడి సంచి. తల్లిని చూసి ముందు భయపడింది. తర్వాత కోపంగా ముఖం తిప్పుకుంది.

“తలుపు తియ్యి.”

“నేను రాను. నువ్వు తోలు వలుస్తావు.”

“వలవను. ముందు తియ్యి.”

నోవెలిన్ పెదవి కొరుక్కుంది. చేత్తో తలుపు తడిమింది. ఇంకోసారి తడిమింది. పిడి ఉండవలసిన చోట రెండు మేకుల కన్నాలున్నాయి. ఆ పిల్ల ముఖంలోంచి కోపం జారిపోవడం సెలింగమ్మ అద్దంలోంచి చూసింది.

“అమ్మా, లోపల పిడి లేదు.”

సెలింగమ్మ బయటినుంచి లాగింది. తలుపు తెరుచుకుంది. కూతురి మణికట్టు పట్టుకుని కిందకి దింపి తన వెనక నిలబెట్టుకుంది.

“అరెరె, సెలింగక్కా!” అన్నాడు డెల్ఫిన్, బంగారప్పన్నుతో సహా. “ఈ అమ్మాయి మీ అమ్మాయా? నాకెలా తెలుస్తుంది! మా మేనల్లుడి స్నేహితురాలట. వాడి కాలు బెణికింది, కాస్త దింపి రా మామా అన్నాడు. అడిగితే కాదనలేక...”

“నిజమే అమ్మా,” అంది నోవెలిన్ వెనకనుంచి, కానీ గొంతు నిలబడలేదు. “ఆర్విన్ వాళ్ళ మామయ్య ఈ కాఫీ ఆయనేనట. ఆర్విన్ రిసార్టులో ఉన్నాడట.”

“అవునా? అయితే ఆర్విన్‌తో ఒక్కమాట మాట్లాడదాం.”

సెలింగమ్మ లోడు ఫోను తీసి, నాలుగూ నాలుగూ ఒకటీ ఏడు దాకా నొక్కి, పైకెత్తి పట్టుకుంది. డెల్ఫిన్ చేతిలో ఉన్న ఫోను మోగలేదు. వాడి ప్యాంటు వెనక జేబులో ఇంకోటి మోగింది. పిల్లలు ఇష్టపడే ప్రేమపాట.

నోవెలిన్‌కి ఆ పాట తెలుసు. ఆర్విన్‌కి ఇష్టమైన పాట అదేనని రెండు నెలల కింద మెసేజీలో చదివింది.

డెల్ఫిన్ చెయ్యి వెనక జేబుకి వెళ్ళింది, తిరిగి వచ్చింది. వ్యాను వైపు రెండడుగులు వేశాడు. ముందు తోపుడుబండి, వెనక నోనోయ్ ట్రైసికిల్. పాట ఆగింది. సెలింగమ్మ మళ్ళీ కొట్టింది, మళ్ళీ పాడింది. బెబాంగ్ ఐసు కొట్టడం మానేసింది. బస్సుకోసం నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరిగారు. ఎవడో కుర్రాడు ఫోనెత్తి నోవెలిన్‌కి ఫోటో తియ్యబోతే సెలింగమ్మ తన ఒళ్ళంతా అడ్డం పెట్టింది. అడ్డానికి ఆవిడ ఒళ్ళు సరిపోయింది.

“ఆ ఫోను దించకపోతే మింగుతాను, ఫోనుతోపాటు నిన్ను కూడా!”

కుర్రాడు దించాడు. ఇద్దరు పోలీసులు సందు మలుపులో కనబడ్డారు. కప్తాను మాట ముందే చేరిందన్నమాట.

స్టేషన్లో ఆడపిల్లల కేసులు చూసే గది వెనక ఉంది. గదిలో ఒక బల్ల, ఒక పంకా, ఒక ఆడ ఆఫీసరు. ఆవిడ నోవెలిన్‌కి నీళ్ళిచ్చింది. నోవెలిన్ నీళ్ళు తాగుతూ బల్లకింద రెండో చేత్తో ఫోను నొక్కుతోంది. సెలింగమ్మ చూసింది. ఆఫీసరు కూడా చూసింది.

“చెరిపెయ్యకమ్మా,” అంది ఆఫీసరు. “అవి పోతే వాడు సోమవారానికి బయట ఉంటాడు. ఆర్విన్ పేరు చెప్పి మోసంతో ఎక్కించాడని నువ్వంటావు, తనే ఎక్కిందని వాడంటాడు. నీ వైపు మాట్లాడేది ఆ మెసేజీలే.”

“అందులో నేను రాసినవి కూడా ఉన్నాయండీ.”

“ఉండనీ. పదిహేనేళ్ళదానివి. తప్పు నీది కాదు.”

నోవెలిన్ ఫోను బల్లమీద పెట్టింది. తల్లి వంక చూడకుండా అడిగింది, “వాడికి నా నంబరు ఎలా తెలిసింది? నేనెవరికీ ఇవ్వలేదు. నిజంగా కల్లో కనబడిందనుకున్నాను.”

సెలింగమ్మకి ఆ నిమిషంలో చెప్పగలిగిన అబద్ధాలు ఒక డజను తోచాయి. కొట్టు నడిపే మనిషి కదా, డజన్లలోనే తోస్తాయి.

“నేనిచ్చాను,” అంది. “పుస్తకం మొదటి పేజీ. వాడి చేతికి నేనే ఇచ్చి, చదువు తమ్ముడూ అన్నాను. నీదే కాదు, ఊళ్ళో ఆడపిల్లలందరివీ. నీ క్లాసేదో, ఏ పూట ఇంట్లో ఉంటావో కూడా నేనే చెప్పాను, కాఫీ పోసి మరీ.”

నోవెలిన్ తన కుర్చీని తల్లికి కాస్త దూరంగా జరుపుకుంది. 

“వాడు ఎన్ని కొట్లకి వేస్తాడు?” అడిగింది ఆఫీసరు, కలం తీస్తూ.

“ముప్పైకి పైనే. అన్నింటికీ పుస్తకాలున్నాయి. నన్ను చూసే కట్టారు.” సెలింగమ్మ ఫోను తీసింది. “వాళ్ళకి చెప్పొచ్చా? పుస్తకాలు లోపల పెట్టమని మాత్రం. పిల్ల పేరు రాయను.”

“వాడి పేరు కూడా రాయకండి, ఇప్పుడే వద్దు.”

ఆవిడ జాబితాలోంచి డెల్ఫిన్ నంబరు తీసేసి, మిగతా నలభై రెండు మందికీ ఒకే వాక్యం పంపింది, అదీ ఆఫీసరుకి చూపించాక: ‘లోడు పుస్తకం ఈ నిమిషమే కిటికీ నుంచి విప్పి పెట్టెలో తాళం వెయ్యండి, ఆడపిల్లల నంబర్లు ఎవరి కంటా పడకూడదు, ఎందుకో రేపు నేనే వచ్చి చెప్తాను.’ వెంటనే పదిహేను మంది ‘ఏమైంది? ఏమైంది?’ అని అడిగారు. జీవితంలో మొదటిసారి సెలింగమ్మ ఆ ప్రశ్నకి జవాబు తెలిసీ ఫోను సంచిలో వేసుకుంది.

ఆఫీసరు కాగితాలు సర్దుకుంది. మెసేజీలన్నీ తేదీతో, టైముతో ఒక్కొక్కటి కాగితం మీదికి ఎక్కించాలి, పిల్ల కింద సంతకం పెట్టాలి. రెండొందల పైనే ఉన్నాయి. చిన్నపిల్ల కాబట్టి తల్లి గదిలో ఉండి తీరాలి.

“అమ్మ చదవకూడదు,” అంది నోవెలిన్.

“చదవను.” సెలింగమ్మ కుర్చీ ఎత్తి, గోడవైపు తిప్పుకుని కూర్చుంది. గోడమీద పాత క్యాలెండరు ఒకటి, ఒక బల్లి.

నోవెలిన్ చదవడం మొదలుపెట్టింది. ఆఫీసరు కలం గీరుకుంటోంది. మార్చి ఇరవై. మార్చి ఇరవై ఒకటి. అన్నం తిన్నావా, లెక్కల పరీక్ష ఎలా రాశావు, నీ గొంతు ఎలా ఉంటుందో, మీ అమ్మ ఎప్పుడూ అరుస్తుందా, నాకు మాత్రం నువ్వు చెప్పుకోవచ్చు. వీపు వెనక అవన్నీ వింటూ సెలింగమ్మ బల్లినే చూస్తోంది. ఏప్రిల్ వచ్చేసరికి నోవెలిన్ గొంతు చిన్నదయింది. ఏప్రిల్ తొమ్మిదికి ఆగిపోయింది.

“కాస్సేపు ఆగుదామా?” అంది ఆఫీసరు.

 వెనక్కి తిరగాలని సెలింగమ్మ మెడ పీకుతోంది. తిరగలేదు.

“అమ్మా.”

“ఊఁ.”

“ఇటు తిరుగు. ఇది నా వల్ల కాదు. నువ్వు చదివి చెప్పు.”

సెలింగమ్మ కుర్చీ తిప్పుకుంది. కూతురు చాచిన ఫోను అందుకుని, చిన్న అక్షరాలు ఆనేదాకా చెయ్యి దూరంగా జరిపి, పక్క గదికి వినబడకుండా గొంతు బాగా తగ్గించి చదవడం మొదలుపెట్టింది.